టూల్ ఎక్కింది, ఇక ప్రశ్న పుట్టినట్టే!

కోడింగ్ పోటీ పెట్టాలంటే ముందు మంచి ప్రశ్న ఆలోచించాలనుకునేవాళ్లు పాతకాలపు మనుషులు. ఇప్పుడు ముందు టూల్ ఎక్కించాలి. బంగారుపాళ్యంలో చిత్తూరు బస్సెక్కే ఇంజనీరింగ్ పిల్లల్ని అడగండి, కాలేజీ ఫెస్టు ముందు జాగరణ దేనికో చెబుతారు.

పోటీ ప్రశ్న సరిగ్గా ఉందో లేదో చూసే టూల్ ఒకటి, స్వీడన్‌వాళ్ల కోడింగ్ సైటు కాటిస్ నుంచి వచ్చిన ప్రాబ్లమ్‌టూల్స్ ఉంది. "ఒక్క కమాండ్ కొట్టు, అయిపోతుంది" అంటాడు సీనియరు. ఆ ఒక్కటీ కొట్టడానికి విండోస్ నేరుగా పనికిరాదు, లోపల ఉబుంటు పెట్టాలి. కొత్త ఉబుంటులో పైథాన్ ప్యాకేజీలు దించే పిప్ కొడితే, సిస్టమ్ పైథాన్ జోలికి రావద్దని గదమాయిస్తుంది. కాదు కూడదంటే 'బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్' అని మన చేత్తోనే రాసివ్వాలి. ప్రశ్నను పీడీఎఫ్ చేయడానికి లేటెక్ కావాలి. దాని వెంట దిగే ప్యాకేజీల్లో రష్యన్ లిపిది కూడా ఒకటి. మామిడి మండీ మీద ప్రశ్న రాస్తూ మాస్కో అక్షరాలు లేకపోతే ఎట్లా!

ఇంకో టూల్ ఉంది, కోడింగ్ పోటీల సైటు కోడ్‌ఫోర్సెస్ స్థాపకుడు మైక్ మిర్జయనోవ్ రాసిన టెస్ట్‌లిబ్. అది ఒకే ఒక్క ఫైలు. కోడ్ పక్కన పెట్టుకుంటే చాలు. అందుకే దానికి మర్యాద తక్కువ. రాత్రంతా ఏడిపించని టూల్‌ను రెజ్యూమేలో ఏమని రాసుకుంటారు?

ఇంతా చేసి ప్రశ్న ఏమిటయ్యా అంటే: తోతాపురి మామిడి బరువు కిలోల్లో ఇస్తారు, రైతులకు మొత్తం ఎంత రావాలో చెప్పు. ధర 2025 నాటిదే, ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4, కిలోకు 12 రూపాయలు. ప్రశ్న పెట్టినవాడు 'ఇంట్' అనే పూర్ణాంకాల రకంలో గుణించాడనుకోండి. అందులో పట్టేది 214,74,83,647 వరకే. 1,79,000 టన్నులు పోశామా, మామూలుగా వచ్చే జవాబు మైనస్ 214 కోట్ల పైచిలుకు. అంటే కాయలు తోలిన రైతే ఎదురు బాకీ! ఆ మాటకొస్తే కొన్నేళ్లు మండీలో లెక్క అట్లాగే తేలింది, కాబట్టి ప్రశ్న వాస్తవికమేనని వాదించొచ్చు.

టూల్ మాత్రం ఏం చేస్తుంది పాపం? జవాబు ఫైలు పుట్టింది ప్రశ్న పెట్టినవాడి ప్రోగ్రాం నుంచే, దాంతో పోల్చేదీ ఆ ప్రోగ్రాంనే. రెండూ ఒకటే కనుక 'తప్పులు 0' అంటుంది. ఆ స్క్రీన్‌షాట్ వాట్సాప్ గ్రూపుకెక్కుతుంది. పోటీలో అంతకన్నా పెద్ద సంఖ్యలు పట్టే 'లాంగ్ లాంగ్' వాడి సరైన జవాబు పంపిన పిల్లకు తప్పు అని ఎర్రరంగు పడుతుంది.

ఫెస్టు పెద్దలారా, ఈసారి ఇన్‌స్టాలేషన్‌కు పోసే రాత్రుల్లో ఒక్క గంట మిగల్చండి. ప్రశ్న రాసినవాడి కోడ్ చూడకుండా ఇంకొకరి చేత జవాబు రాయించండి. దానికి ఏ ప్యాకేజీ దించనక్కర్లేదు.