బాగుపడిపోయిన ఆటపై ఒక ఇంటి యజమాని మహజరు

దేశంలో పత్రికలున్నాయి, చట్టసభలున్నాయి, టీవీ చర్చల్లో ఎనిమిది కిటికీల్లోంచి ఒకేసారి అరిచే మేధావులున్నారు. ఉల్లిపాయల ధర గురించి మాట్లాడతారు, నీళ్ల ట్యాంకర్ల గురించి మాట్లాడతారు, క్రికెట్‌లో ఓడిపోయిన టాస్ గురించి కూడా మాట్లాడతారు. ఇరవై ఏళ్ల పైచిలుకుగా మన నట్టింట్లో జరుగుతున్న ఘోరం గురించి మాత్రం ఒక్కరూ నోరు మెదపరు. కోటి రూపాయల క్విజ్ ఆట ఏటికేడాదీ బాగుపడుతోంది. మిగతా కార్యక్రమాలన్నీ మర్యాదగా పాడైపోతుంటే ఇదొక్కటే బాగుపడుతోంది. ఆ బాగుపడటం కింద పడి నలిగిపోయిన కుటుంబపెద్దల గోడు వినే నాథుడు లేడు. మీరూ ఆ బాపతేనని నాకు తెలుసు. రండి, కూర్చోండి. రిమోట్ ఎలాగూ మన చేతిలో లేదు.

2000 జూలై 3, స్టార్ ప్లస్. బ్రిటన్‌లో 1998లో మొదలైన ఆటని పట్టుకొచ్చి అమితాబ్ బచ్చన్‌కి అప్పగించారు. పదిహేను ప్రశ్నలు, మూడు లైఫ్‌లైన్లు, కోటి రూపాయలు. అది స్వర్ణయుగమని అప్పుడు మనకి తెలీలేదు. గడియారం లేదండీ! హాట్ సీట్లో కూర్చున్నాయన నీళ్లు తాగొచ్చు, తల గోక్కోవచ్చు, చిన్నప్పటి లెక్కల మాస్టారిని తలుచుకుని నిట్టూర్చొచ్చు. ఆయన ఆలోచిస్తున్నంతసేపూ ఇక్కడ మనమూ ఆలోచిస్తున్నట్టే కనపడొచ్చు. పైగా అంతా హిందీ. బచ్చన్ గారి గంభీరమైన హిందీని ఇంటిల్లిపాదికీ తెలుగు చేసి చెప్పే ఆస్థాన దుబాసీ హోదా మనది. మనం చెప్పిందే ప్రశ్న. జవాబు తెలీనప్పుడు ప్రశ్నని కాస్త అటూ ఇటూ చేసినా అడిగేవాడు లేడు.

ఆ రోజుల్లో ఇంట్లో కూర్చుని జవాబు చెప్పడానికి ఒక శాస్త్రం ఉండేది. ముందు కళ్లు మూసుకోవాలి. ‘ఊఁ’ అనాలి. ఆ తర్వాత గొంతు తగ్గించి, ‘బి అనుకుంటా... సి అని కూడా అంటారు... ఎ అయ్యే ప్రసక్తి లేదుగానీ... డి సంగతి వేరు’ అని నాలుగు ఆప్షన్లనీ ఒక చుట్టు చుట్టి రావాలి. తెరమీద ఆకుపచ్చ వెలిగాక ‘చెప్పానా!’ అని మా ఆవిడ వంక చూడాలి. చెప్పిన మాట అబద్ధం కాదు. ఈ మహత్తర విధానంతో నేను మా వీధి మొత్తానికి విజ్ఞానఖనిగా చలామణీ అయ్యాను. పప్పన్నం తింటూనే.

2005లో బహుమతి రెండు కోట్లయింది, సర్దుకున్నాం. 2007లో షారుఖ్ ఖాన్ వచ్చి కూర్చున్నాడు, సర్దుకున్నాం. 2010లో ఆట సోనీకి మారింది, బచ్చన్ గారు తిరిగొచ్చారు, వస్తూ వస్తూ గడియారాన్ని వెంటబెట్టుకొచ్చారు. సులువు ప్రశ్నలకి సెకన్ల లెక్కన గడువు, పెద్ద మొత్తాల దగ్గరికి చేరాకే తీరిక. దాంతో సాగదీత తగ్గింది, ఉత్కంఠ పెరిగింది. కాదనను. కానీ ఏ పెద్దమనిషికైనా ప్రశ్న వినడానికో వ్యవధి, కళ్లజోడు వెతుక్కోవడానికో వ్యవధి, అది నెత్తిమీదే ఉందని ఎవరో చెప్పడానికో వ్యవధి, గొంతు సవరించుకోవడానికో వ్యవధి కావాలా వద్దా? మనకొచ్చే ప్రశ్నలకి గడువు పెట్టి, మనకి రాని ప్రశ్నలకి బోలెడంత తీరికిచ్చారు. ఆ తీరిక మనకెందుకు, ఉప్పేసుకోవడానికా?

ఇక లైఫ్‌లైన్లు. మా తోడల్లుడు ప్రతి సీజన్‌కీ పట్టు వదలకుండా మెసేజీలు పంపేవాడు. ఛాన్సొస్తే ఫోన్ చెయ్యాల్సిన స్నేహితుల జాబితాలో నా పేరే మొదట రాసుకున్నానని పెళ్లిళ్లలో పదిమందికీ చెప్పేవాడు. అతను ఏనాడూ ఎంపిక కాలేదు గనక నా కీర్తి చెక్కుచెదరలేదు. అప్పట్లో ఫోనంటే గొంతు ఒక్కటే వినపడేది. పక్కన జనరల్ నాలెడ్జి పుస్తకం తెరిచి పెట్టుకున్నా, చుట్టూ నలుగురు పట్టభద్రుల్ని కూర్చోబెట్టుకున్నా దేశానికి తెలిసేది కాదు. 2017లో దాన్ని వీడియో కాల్ చేసేశారు. దాంతో స్నేహితుడి మొహం దేశం చూసింది, వెనక దండెం మీద ఆరేసిన బట్టలు చూసింది, పక్కకి జారే కళ్లు చూసింది. పారదర్శకత ప్రజాస్వామ్యానికి ప్రాణవాయువే, ఒప్పుకుంటాను. కానీ చొక్కా వేసుకోవాలి.

అసలు పిడుగు 2014 జూన్‌లో పడింది. ‘మా టీవీ’ ఛానల్లో నాగార్జున నవ్వుతూ కూర్చుని ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ అని ప్రశ్నలన్నీ శుభ్రమైన తెలుగులో అడిగేశాడు. 2017లో చిరంజీవి అడిగాడు. 2021లో ఆట జెమినీకి మారి, ‘ఎవరు మీలో కోటీశ్వరులు’ అని పేరు మార్చుకుని, జూనియర్ ఎన్టీఆర్ చేత అడిగించింది. నా దుబాసీ కొలువు పోయింది, నోటీసు లేదు, పింఛను లేదు. నేనేమో బుర్కినా ఫాసో రాజధాని కంఠతా పట్టి సిద్ధంగా కూర్చుంటే, వాళ్లేమో సినిమా పాట వినిపించి పాడిందెవరంటారు. మా అత్తగారు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. పల్లవి ఇంకా అందుకోలేదు, ముందొచ్చే వయొలిన్ల మోతకే ‘జానకి’ అన్నారు. చేతిలో పని ఆగలేదు, తల ఎత్తలేదు. ‘అల్లుడుగారికి ముందే తెలిసుంటుందిలే, నన్ను చెప్పనిచ్చారు’ అన్నారు. ఆ గౌరవాన్ని ఈనాటికీ దిగమింగలేకపోతున్నాను. చిక్కుడుకాయ కూర బాగానే దిగింది.

ఇంత జరిగినా నాలుగు ఆప్షన్ల శాస్త్రం ఒకటి మిగిలింది కదా అనుకున్నాను. దాన్నీ బతకనివ్వలేదు. హిందీ ఆట నడుస్తుండగానే ఇంట్లో కూర్చున్నవాళ్లు ఫోన్లో జవాబు నొక్కే సదుపాయం 2017లో పెట్టారు. చూసేవాళ్లని ఆడేవాళ్లుగా మార్చిన గొప్ప మార్పని అందరూ మెచ్చుకున్నారు. మా అబ్బాయి ‘నాన్నా, నీకూ వేసిపెట్టా’ అని నా అనుమతి లేకుండా నా ఫోన్లో ఎక్కించాడు. అందులో గొణగడానికి లేదు, కళ్లు మూసుకోవడానికి లేదు, ‘డి సంగతి వేరు’ అనడానికి అసలే లేదు. ఒక్కటంటే ఒక్కటే నొక్కాలి. ఎపిసోడ్ అయిపోయాక నలుగురి ఫోన్లూ టీపాయ్ మీద పక్కపక్కన పెట్టి మార్కులు పోల్చే దుష్ట సంప్రదాయం మా ఇంట్లో మొదలైంది. మా అమ్మాయి, మా ఆవిడ, మా అబ్బాయి, నేను. అదే వరసలో.

పోటీదారులు కూడా బాగుపడిపోయారు, అదింకా అన్యాయం. 2000లో మొట్టమొదటి కోటి గెలిచిన హర్షవర్ధన్ నవాథే సివిల్స్‌కి చదువుకుంటున్న కుర్రాడు. ‘రోజంతా చదువుకునేవాడు గెలవక చస్తాడా’ అని అనుకునే వీలుండేది. 2011లో బీహార్‌లోని మోతీహారీ నుంచి సుశీల్ కుమార్ వచ్చాడు. నెలకి ఆరువేల జీతానికి పనిచేసే కంప్యూటర్ ఆపరేటర్, ఐదు కోట్లు పట్టుకెళ్లాడు. 2021లో తెలుగు ఆటలో సబ్-ఇన్‌స్పెక్టర్ ఒకాయన, డ్యూటీ చేసుకుంటూనే, కోటి గెలిచాడు. ఎక్కడెక్కడి చిన్న ఊళ్ల నుంచో మామూలు మనుషులు వస్తున్నారు, వాళ్ల ఇల్లూ వాకిలీ, కుట్టుమిషనూ, బడీ ముందుగా వీడియో తీసి మరీ చూపిస్తున్నారు. ఆటకి ప్రాణం పోసిందే ఆ మార్పు. మన ప్రాణం తీసిందీ అదే. జీతం చాలదన్నామా, అంతకన్నా తక్కువ జీతగాడు గెలిచాడు. తీరిక లేదన్నామా, పోలీసాయన గెలిచాడు. ఊరు చిన్నదన్నామా, మోతీహారీ చూపిస్తారు. పాతికేళ్లుగా పోగుచేసుకున్న సాకుల భాండాగారాన్ని ఒక్కో ఎపిసోడూ ఒక్కో అర చొప్పున ఖాళీ చేసేసింది. ఆ ఘట్టాల్లో మా ఆవిడ నన్ను పల్లెత్తు మాట అనదు. వాల్యూమ్ పెంచుతుంది.

2020లో మాత్రం, కరోనా పుణ్యమా అని, స్టూడియోలో ప్రేక్షకులు లేకుండా ఆడించారు. ప్రేక్షకుల్ని అడిగే లైఫ్‌లైన్ కూడా ఎత్తేశారు. ఎదురుగా ఎవరూ లేకుండా జవాబు చెప్పుకునే ఆ హాయిని చూసి నాకు కళ్లు చెమర్చాయి. మా హాల్లో మాత్రం అదే కరోనా వల్ల ప్రేక్షకులు రెట్టింపయ్యారు.

అంత బాధగా ఉంటే చూడటం మానెయ్యొచ్చుగా అని మీరడగరు, ఎందుకంటే మీరూ మానలేదు. అందుకే పోరాట పంథా ఎంచుకున్నాను. నిర్మాతలకీ, ప్రసారకులకీ, అవసరమైతే ఐక్యరాజ్యసమితికీ పంపడానికి మహజరు తయారుచేశాను. ఒకటి: ఇంటి పెద్దలకి కళ్లజోడు వ్యవధి కలిపి వేరే గడియారం నడపాలి. రెండు: ఫోన్లో నాలుగు ఆప్షన్లూ నొక్కే ప్రాథమిక హక్కు కల్పించాలి. మూడు: సీజన్‌కి ఒక్కసారైనా బుర్కినా ఫాసో రాజధాని ఏదని అడిగి తీరాలి. నాలుగు: వయొలిన్లు వినిపించరాదు. తొలి సంతకం కోసం మా ఆవిడ చేతికిచ్చాను. నిలబడే చదివింది, మూడో కోరిక దగ్గర ఆగింది, ‘ఒవాగడూగూ’ అంది.

ప్రశ్న ఇంకా ఎవరూ అడగనేలేదు.