రాన్సమ్‌వేర్: చెవిన పెట్టకూడని ఐదు సలహాలు

మిర్యాలగూడ రైస్ మిల్లు, సూర్యాపేట యార్డులో కమీషన్ దుకాణం, కోదాడ నర్సింగ్ హోమ్... ఎక్కడ చూసినా లెక్కలన్నీ ఇప్పుడు సిస్టమ్‌లోనే. ఆ ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగేదే రాన్సమ్‌వేర్. దాని గురించి మన దగ్గర వినపడే ఈ మాటలు నమ్మితే కొంప మునుగుతుంది.

1. "మనలాంటి చిన్నోళ్ల జోలికి ఎవరొస్తరు?"
వాళ్లు ఊరూ పేరూ చూసి రారు. రిమోట్ డెస్క్‌టాప్ తెరిచిపెట్టి, 1234 పాస్‌వర్డ్ పెట్టుకున్న సిస్టమ్ ఎక్కడుందా అని వాళ్ల ప్రోగ్రాములు రాత్రింబవళ్లు వెతుకుతుంటాయి. 2019లో మన మూడు ఊళ్లకూ కరెంటిచ్చే దక్షిణ డిస్కం వెబ్‌సైటే దీని బారిన పడింది. బ్యాకప్ ఉండబట్టి తేరుకుంది. 2024 జులై చివర్లో సీ-ఎడ్జ్ అనే ఒక్క కంపెనీకి దెబ్బ తగిలితే, దాన్ని నమ్ముకున్న దాదాపు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులు ఆగిపోయాయి.

2. "పెన్‌డ్రైవ్‌ల బ్యాకప్ ఉంది కదా!"
సీపీయూ వెనకాల ఊక దుమ్ము పట్టి, ఏడాదంతా గుచ్చే ఉండే పెన్‌డ్రైవ్ బ్యాకప్ కాదు. సిస్టమ్‌తో పాటు దానికీ తాళం పడుతుంది. రెండు పెట్టుకోండి. కాపీ అయిన వెంటనే పీకేయండి. ఒకటి ఇంటి బీరువాలో ఉండాలి. నెలకోసారి వేరే సిస్టమ్‌లో ట్యాలీ డేటా తెరిచి, నాలుగు తక్‌పట్టీలు దగ్గర పెట్టుకుని లెక్క సరిపోయిందో లేదో చూడండి.

3. "అప్‌డేట్ చేస్తే స్లో అయితది, ఆపెయ్."
విండోస్‌లోని ఒక లోపానికి 2017 మార్చిలోనే మైక్రోసాఫ్ట్ మరమ్మతు ఇచ్చింది. అది వేసుకోని సిస్టమ్‌ల మీద మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ విరుచుకుపడింది. పక్క రాష్ట్రంలో పోలీసుల కంప్యూటర్లే మొరాయించాయి. యాంటీవైరస్ ఆపి క్రాక్ సాఫ్ట్‌వేర్ ఎక్కించడం ఇంతకన్నా ప్రమాదం.

4. "అడిగింది పారేసి వదిలించుకో."
2021లో అమెరికాలో కలోనియల్ పైప్‌లైన్ కంపెనీ 75 బిట్‌కాయిన్లు, అంటే సుమారు 44 లక్షల డాలర్లు కట్టింది. ముఠా ఇచ్చిన తాళంచెవి ఎంత నెమ్మదంటే, కంపెనీ చివరికి తన బ్యాకప్‌నే వాడుకోవాల్సి వచ్చింది. డబ్బిచ్చినా డేటా వస్తుందన్న భరోసా లేదు.

5. "ఎవ్వరికీ చెప్పకు, ఫార్మాట్ కొట్టియ్."
ముందు నెట్ వైరు పీకండి, వైఫై ఆపండి. తెరమీది బెదిరింపును ఫోన్‌తో ఫొటో తీయండి. 1930కి ఫోన్ చేసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. తాళం పడ్డ ఫైళ్లను చెరపొద్దు: యూరోపోల్ తదితరులు 2016లో మొదలుపెట్టిన 'నో మోర్ రాన్సమ్' సైట్లో కొన్ని రకాలకు ఉచితంగా విరుగుడు దొరుకుతుంది. పరువు పోతుందని దాచుకుంటే ఆ ముఠా జాడ పోలీసులకు చిక్కదు, రేపు పక్క మిల్లు మీద పడుతుంది.