మొదట చప్పట్లు ఆపేదెవరు?

స్టాలిన్ దబ్బున పడ్డాడు. తలుపు బయట ఇద్దరు కాపలావాళ్ళు. ఇద్దరికీ చప్పుడు వినిపించింది. లోపలికెళ్ళి చూడాలి. చూస్తే? పిలవకుండా వచ్చారని కాల్చేస్తే? ఎందుకొచ్చిన గొడవ! బిగదీసుకుని అలాగే నిలబడ్డారు. భూమిలో ఆరో వంతును గడగడలాడించినవాడు లోపల తివాచీ మీద, తన మూత్రంలో తానే తడిసి పడి ఉన్నాడు.

మా బేస్‌మెంట్ గొల్లుమంది.

అమెరికాలో, వర్జీనియా ఆష్‌బర్న్‌లో ఓ టౌన్‌హౌస్. శనివారం రాత్రి. గోడంత తెర, వెనక్కి వాలే కుర్చీలు, పేపర్ ప్లేట్లలో మిరపకాయ బజ్జీలు. సినిమా 'ద డెత్ ఆఫ్ స్టాలిన్'. ఫాబియన్ న్యూరీ, థియరీ రోబాన్‌ల ఫ్రెంచి బొమ్మల నవల ఆధారంగా 2017లో ఆర్మండో ఇయనూచి తీశాడు. మమ్మల్ని పిలిచినాయన తాతగారు కృష్ణా జిల్లాలో పాత కామ్రేడ్. నడిమింట్లో స్టాలిన్ పటం, పిల్లల పుస్తకాలకు 'సోవియట్ భూమి' అట్టలు. మనవడు ఇప్పుడు అమెరికా ప్రభుత్వానికి కాంట్రాక్టర్. చరిత్రకి వెటకారం రాదని ఎవరన్నారు?

మన ఇళ్ళల్లో స్టాలిన్ పేరు మామూలుదా? 1951లో తెలంగాణ పోరాటం సాగించాలా, ఆపాలా అని అడగడానికి కమ్యూనిస్టు నాయకులు చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య ఎవరికీ తెలియకుండా మాస్కో వెళ్ళి సాక్షాత్తూ ఆయన ముందే కూర్చుని వచ్చారు. వెంట డాంగే, అజయ్ ఘోష్. నల్లగొండ రైతు తుపాకి దించాలో వద్దో చెప్పాల్సింది క్రెమ్లిన్‌లో పైపు పట్టుకున్న పెద్దమనిషి! తర్వాత మన పల్లెల్లో ఎందరు స్టాలిన్‌లు పుట్టారో లెక్కలేదు. 2006లో చిరంజీవి కూడా స్టాలిన్ అయ్యాడు. ఒక్కొక్కరూ ముగ్గురికి సాయం చెయ్యండన్నాడు. అసలు స్టాలిన్ పోలీసులూ అంతే పొదుపు. పట్టుకున్నవాడు ముగ్గురి పేర్లు చెబితే చాలు.

సినిమా కల్పన అనుకునేరు. చాలా చోట్ల నిజమే ఎక్కువ హాస్యంగా ఉంది. 1953 మార్చి 1. కుంత్సెవో డాచాలో పగలంతా యజమాని గదిలో అలికిడి లేదు. రాత్రి దాకా తలుపు తీసే మగాడు లేడు. డాక్టర్లు వచ్చింది మర్నాడు పొద్దున. మరి పెద్ద డాక్టర్లేరీ? జైల్లో. నాయకుల్ని వైద్యం పేరుతో చంపుతున్నారని జనవరి 13న ప్రావ్దా చాటింది. తన సొంత వైద్యుణ్ణి కూడా లోపలేయించుకున్న రోగిని ఏ దేవుడు కాపాడతాడు? మార్చి 5న పోయాడు. ఆయన పడిపోయిన రోజే మద్రాసులో కరుణానిధికి కొడుకు పుట్టాడు. పేరు వెతుక్కునే పని లేకపోయింది.

క్రుశ్చేవ్ పాత్ర చూశారా? రాత్రి విందు నుంచి తూలుతూ ఇంటికొచ్చి, ఏ జోకుకి బాసు నవ్వాడో, దేనికి నవ్వలేదో పెళ్ళాంతో రాయించుకుంటాడు. మళ్ళీ గొల్లుమన్నాం. నా పక్కన కూర్చున్న పెద్దమనిషి అందరికన్నా గట్టిగా నవ్వాడు. పోయిన నెల ఆయన ఇండియా నుంచొచ్చిన ఒక ప్రజాప్రతినిధిని నయాగరా తీసుకెళ్ళి, తిరిగి తెచ్చి, దారి పొడుగునా ఆయన జోకులకు నవ్వి వచ్చాడు. సుమారు ఎనిమిది గంటల డ్రైవ్. ఒక వైపే.

అప్పుడే వెనక కుర్చీలోంచి ఓ కుర్రాడు అన్నాడు. "అన్నా, మన నాయకుల మీద కూడా ఇలాంటిదొకటి తీస్తే అదిరిపోద్ది కదా?"

నవ్వు ఆగింది. బజ్జీ నమలడం ఆగింది. మన నాయకుడంటే ఎవరు? గదిలో మూడు పార్టీలున్నాయి. ఎవరు ఎవరి మనిషో అందరికీ తెలుసు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇంటాయన లేచి, "రాజకీయాలొద్దు తమ్ముడూ, సినిమా చూద్దాం" అన్నాడు. తెర మీద పొలిట్‌బ్యూరో కూడా అచ్చం అలాగే మొహాలు చూసుకుంటోంది. చేయెత్తాలా, దించాలా? పక్కవాడు ఎత్తాడా?

ఎవడికిరా భయం? ఇక్కడ ఎన్‌కేవీడీ రహస్య పోలీసులున్నారా? అర్ధరాత్రి నల్ల కారొస్తుందా?

సినిమా మొదట్లో రేడియో కచేరీ ఉంది. అయిపోయాక స్టాలిన్ ఫోన్ చేసి రికార్డింగ్ పంపమంటాడు. రికార్డు చెయ్యలేదు. జనం వెళ్ళిపోతున్నారు. తలుపులు వేయిస్తారు. పోయినవాళ్ళ బదులు రోడ్డు మీది వాళ్ళను ఈడ్చుకొచ్చి కుర్చీలు నింపుతారు. కండక్టర్ సొమ్మసిల్లితే ఇంకొకణ్ణి నైట్ డ్రెస్‌లోనే లాక్కొస్తారు. ఎంత ఘోరం! మన తెలుగు సంఘాల వేడుకల్లో అలా ఎక్కడైనా జరుగుతుందా? మనం సభ్యత ఉన్నవాళ్ళం. తలుపులు వెయ్యం. పిల్లల డాన్స్ వెనక్కి జరుపుతాం. నాలుగింటి ఐటమ్ ముఖ్య అతిథి ప్రసంగం తర్వాతకి పోతుంది. ముఖ్య అతిథి ఎనిమిదిన్నరకి దిగుతాడు. కూచిపూడి అలంకారంలో ఏడేళ్ళ పిల్ల జడకుచ్చులతో, చెమటకి కారుతున్న కాటుకతో తల్లి ఒళ్ళో నిద్రపోతుంది. తండ్రి ఎక్కడికి పోతాడు? కూతురు ఆడాలిగా! కుర్చీ నిండుగా ఉంటుంది. స్టాలిన్ రహస్య పోలీసు పెద్ద బెరియాకి ఈ కిటుకు తెలియక తుపాకులు వాడాడు, పాపం.

చప్పట్ల సంగతి రష్యన్ రచయిత సోల్జెనిత్సిన్ రాశాడు. ఒక జిల్లా పార్టీ సభలో స్టాలిన్ పేరుకి జనం లేచి చప్పట్లు మొదలుపెట్టారు. ఎవడు ముందు ఆపాలి? చేతులు వాచాయి, ముసలాళ్ళు ఆయాసపడ్డారు. పదకొండో నిమిషంలో కాగితం మిల్లు డైరెక్టర్ కూర్చున్నాడు. ఆ రాత్రే అరెస్టు, పదేళ్ళు శిక్ష. మన వేదిక మీద నాయకుడి పేరుకి, హీరో పేరుకి, హీరోగారి తాత పేరుకి కూడా లేస్తాం. కూర్చుంటే ఏమవుతుంది? వచ్చేసారి వేదిక మీద బొకే ఇచ్చే వరసలో మన పేరుండదు. అంతే! అక్కడ పదేళ్ళ శిక్షకి భయపడ్డారు. ఇక్కడ ఒక ఫొటోకి.

ఫొటో అంటే గుర్తొచ్చింది. మాస్కో కాలవ గట్టున స్టాలిన్ పక్కన, బెరియాకి ముందు పోలీసు పెద్దగా ఉన్న యెజోవ్ నిలబడ్డ ఫొటో ఉండేది. 1940లో యెజోవ్‌ని కాల్చేశారు. ఫొటోలో ఆయన ఉన్నచోట నీళ్ళు మిగిలాయి. బెరియాని 1953 జూన్ 26న పట్టుకుని డిసెంబర్ 23న చంపాక సోవియట్ విజ్ఞాన సర్వస్వం కొన్నవాళ్ళకి కొత్త పేజీలొచ్చాయి. బెరియా వ్యాసం కత్తిరించి ఆ చోట బేరింగ్ సముద్రం అంటించుకోమని. నవ్వకండి. సంఘాలు చీలినప్పుడల్లా పాత అధ్యక్షుల ఫొటోలు ఏ సముద్రంలో కలుస్తున్నాయో సావనీర్లు తిరగేసి చూడండి. వాట్సాప్ గ్రూపులో ఎవడన్నా లెక్కలడిగితే ప్రశ్న మాయం, వెనకే మనిషీ మాయం. ఈ ఊరి నిండా కిటికీల్లేని డేటా సెంటర్లు. ప్రపంచం చెత్తంతా దాస్తాయి. మన జమాఖర్చులకి మాత్రం చోటు లేదు.

నాయకుడి పేరుకి లేచి చప్పట్లు కొట్టే ఇదే మనిషి, చెత్తడబ్బా ఒక పూట ఎక్కువ బయట ఉందని ఇళ్ళ యజమానుల సంఘం (హెచ్ఓఏ) నోటీసిస్తే ఊరుకోడు. నిబంధనల నంబర్లతో మూడు పేజీల మెయిల్ కొడతాడు. స్కూల్ బోర్డు మైకు ముందు గవర్నర్నైనా కడిగేస్తాడు. డల్లెస్ విమానాశ్రయంలో అరైవల్స్ తలుపు తెరుచుకుని, నలిగిన ఖద్దరు చొక్కా, చేతిలో డ్యూటీ ఫ్రీ సంచీ కనిపించాయా, నడుం దానంతటదే వంగుతుంది. ఏ సర్జన్ సరిచేస్తాడు ఈ నడుంని?

రష్యా ఈ సినిమాని 2018 జనవరి 23న ఆపేసింది. విడుదలకి రెండు రోజుల ముందు. మాస్కోలో 'పియోనెర్' అనే ఒక్క హాలు తెగించి వేస్తే పోలీసులు దిగారు. చచ్చి అరవై ఐదేళ్ళు కావస్తున్నవాడి మీద జోకు వేస్తే బతికున్న మంత్రులకి ఎందుకంత మంట? బేస్‌మెంట్‌లో అందరం ఛీ అన్నాం.

మనది? 1987లో 'మండలాధీశుడు'లో ఎన్టీఆర్‌ను పోలిన వేషం వేసినందుకు విజయవాడ రైల్వే స్టేషన్‌లో తనని కొట్టారని కోట శ్రీనివాసరావు చివరి దాకా చెబుతూనే ఉన్నాడు. 2017 ఏప్రిల్‌లో శాసనమండలి మీద వెటకారం బొమ్మ పెట్టినందుకు 'పొలిటికల్ పంచ్' పేజీ నడిపేవాణ్ణి ఆంధ్రా పోలీసులు పట్టుకెళ్ళారు. ప్రభుత్వం మారింది. 2020 మేలో ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ లీకు మీద ఫేస్‌బుక్‌లో పోస్టు పంచుకుందని అరవై దాటిన గుంటూరు పెద్దావిడ మీద సీఐడీ కేసు. 2025 మార్చిలో ముఖ్యమంత్రిని తిట్టిన రైతు వీడియో పెట్టారని హైదరాబాద్‌లో ఇద్దరు మహిళా జర్నలిస్టుల అరెస్టు. ఏ పార్టీని వదిలాను చెప్పండి? అందరికీ తోలు ఒకటే మందం. ఉల్లిపొర.

ఈ వార్తలొచ్చిన రోజుల్లో మన గ్రూపులు ఏం చేశాయి? ఎదుటి పార్టీ చేస్తే ప్రజాస్వామ్యం ఖూనీ. మన పార్టీ చేస్తే 'వాడికి బాగా అయింది', వెనకే నవ్వు బొమ్మలు మూడు.

స్టాలిన్ పాత సహచరుడు మొలొతోవ్ కూడా ఇంతే. భార్య పొలీనాని జైల్లో పెడితే సినిమాలో ఆయన ద్రోహి, ద్రోహి అని తిడుతూనే ఉంటాడు. తలుపు తీస్తే ఆవిడే నిలబడి ఉంటుంది. ఆ క్షణం ఆ నటుడు మైకేల్ పాలిన్ మొహం చూసి తీరాలి. తిట్టు సగంలో మింగాలి, ప్రేమ సగంలో మొదలెట్టాలి. పార్టీ మారి వచ్చిన నాయకుడికి స్వాగతం చెప్పేటప్పుడు ఆ మొహాన్ని నేను ఆష్‌బర్న్‌లో కనీసం నాలుగుసార్లు చూశాను. నిరుడు దిష్టిబొమ్మ తగలబెట్టినవాడే దండ పట్టుకున్నాడు.

సినిమా అయింది. చెప్పులు వెతుక్కుంటుంటే ఇంటాయన పక్కకి పిలిచి నెమ్మదిగా చెప్పాడు. "చూశామని గ్రూపులో పెట్టకండి అన్నా. పై శనివారం ఆయనొస్తున్నారు, అనవసరంగా అపార్థం చేసుకుంటారు." ఎవరొస్తున్నారని నేను అడగలేదు. ఎవరైతేనేం?

పై శనివారం మీరూ వస్తారని తెలుసు. రండి, భోజనం బాగుంటుంది. పేరు చదవగానే అందరూ లేస్తారు, మీరూ లేస్తారు. ఒక్క పని చేసిపెట్టండి. ముందు మీరు కూర్చోండి. లౌడన్ కౌంటీలో అందుకు అరెస్టు చేసే చట్టం లేదు.