నల్లమల కార్చిచ్చు గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కార్చిచ్చు గారికి,

మాది ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ ఒడ్డున మిరప, పత్తి వేసుకుని బతికే ఊరు. నేను అటవీశాఖ ఉద్యోగిని కాను. మా ఏరు పుట్టేది మీరు ఏటా తగలబెట్టే కొండల్లో. ఆ సంబంధంతోనే రాస్తున్నాను.

మిమ్మల్ని మేమెన్నడూ తక్కువ చేయలేదు. ఇల్లు కట్టుకుంటే ఆగ్నేయ మూల మీకు వదిలాం. పెళ్లికి మిమ్మల్నే సాక్షిగా పెట్టుకున్నాం. భోగినాడు తెల్లవారకముందే లేచి పాత కర్రలన్నీ మీకు సమర్పించాం. మీరంటే భయమూ ఉంది. ఇంట్లో పత్తి పోసి ఉన్నన్నాళ్లు ఆ గదిలోకి దీపం కూడా తీసుకుపోము. కళ్లంలో మిరపకాయ ఎండుతుంటే, కావలి పడుకున్నవాడు బీడీ తాగాలనిపిస్తే లేచి అవతలి గట్టుకు పోతాడు. జిన్నింగు మిల్లులో అగ్గిపుల్ల గీస్తే ఎంతటివాణ్ణయినా బయటికి నెడతారు. మైదానంలో మీకు ఇంత మర్యాద జరుగుతోంది. అలాంటిది, కొండ మీద మీరు చేస్తున్నదేమిటి?

శివరాత్రి నాటికి నల్లమలలో ఆకు రాలిపోతుంది. మద్ది, చిరుమాను, టేకు అన్నీ మోడులవుతాయి. కింద ఎండుటాకు, దాని మధ్య నిలువునా ఎండిన బోద గడ్డి. సరిగ్గా అప్పుడే దోర్నాల మీదుగా శ్రీశైలానికి జనం కదులుతారు. ఆ వెనకే ఉగాదికి కన్నడ భక్తులు అడవిదారిన కాలినడకన వస్తారు. ఎవరో దారి పక్కన మూడు రాళ్లు పెట్టి అన్నం వండుకుంటారు. తిని, దర్శనానికి వేళవుతోందని నిప్పులు అలాగే వదిలి లేస్తారు. మధ్యాహ్నం గాలి లేచేదాకా మీరు ఆ బూడిద కిందే ఉంటారు. సాయంత్రానికి కొండ సగం ఎక్కుతారు.

వెదుళ్లు రాసుకుని మీరు పుడతారని పెద్దలు చెప్పేవారు. కానీ మిమ్మల్ని అడవికి మోసుకొచ్చేది దాదాపు ప్రతిసారీ మనిషేనని అక్కడ పనిచేసేవాళ్లందరికీ తెలుసు. ఇప్పపువ్వు ఏరుకోవడానికి నేల శుభ్రం కావాలని ఒకరు, తునికి కొత్త చిగురు వేస్తుందని ఒకరు, తొలకరికి మందకు లేత గడ్డి వస్తుందని ఇంకొకరు తెస్తారు. మరొకరైతే బస్సు కిటికీలోంచి సిగరెట్టు ముక్క విసిరి నిద్రపోతారు. పిలిచిన పని వరకు చేసుకుని వెళ్లే బుద్ధి మీకు లేదు. పువ్వు కోసం పిలిస్తే ఆ ఇప్పచెట్టు మొదలునే కాలుస్తారు. గడ్డి కోసం పిలిస్తే మున్ముందు మేత చెట్లుగా ఎదగాల్సిన మొక్కలన్నిటినీ తింటారు.

పెద్ద చెట్లు నిలిచే ఉన్నాయి కదా, ఏం పోయిందని కొందరు మీ తరఫున మాట్లాడతారు. వాళ్లు మీరు వెళ్లిన దారిన నడవలేదు. నేను నడిచాను. ఒకచోట నక్షత్ర తాబేలు కనిపించింది. డొప్ప మీది పసుపు గీతలు మసిబారాయి, అంచున పెంకు పగిలి లేచింది. అది ఎటూ పారిపోలేదు. తలా కాళ్లూ లోపలికి లాక్కుని ఉంది. నక్క వచ్చినా, మనిషి వచ్చినా దానికి తెలిసిన ఉపాయం అదొక్కటే. ఇక నేల మీద గుడ్లు పెట్టే పిట్టల గురించి చెప్పనక్కర్లేదు.

మీరు వదిలిపోయిన బూడిద సంగతి మాకు తొలకరిలో తెలుస్తుంది. ఆకు పొర ఉంటే నేల వాననీటిని పీల్చుకుని మెల్లగా వాగుకు వదులుతుంది. బోడినేల మీద పడ్డ వాన పైమట్టిని పట్టుకుని ఒక్కసారిగా దిగుతుంది. వాగు ఎర్రగా పొంగి నాలుగు రోజుల్లో ఎండిపోతుంది. ఆ మట్టి వెళ్లి విజయనగర రాజుల కాలం నాటి కంభం చెరువులాంటి చోట్ల పూడికగా కూర్చుంటుంది. మా మిరపకు ఆఖరి తడి అందని ప్రతి ఏడూ నేరం మీదేనని అనను. వానలు తప్పుతున్నాయి, బోర్లు పెరిగాయి. కానీ అందులో మీ వాటా ఉంది, దాన్ని మాఫీ చేయలేను.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించేది, మీరు అక్కడి మనుషులను పెట్టే బాధ. ఇప్పుడు మీ జాడ ఉపగ్రహం కనిపెడుతుంది, సెల్‌ఫోనుకు సమాచారం వస్తుంది. కానీ ఆర్పడానికి మనిషే కొండెక్కాలి. బేస్ క్యాంపుల్లో ఉండే ప్రొటెక్షన్ వాచర్లలో చాలామంది చెంచులు. వేసవి ముదరకముందే ఫైర్ లైన్లు గీకి ఆకు ఊడుస్తారు. మీరు వచ్చాక బ్లోయరు ఉంటే బ్లోయరు, లేకుంటే పచ్చికొమ్మ విరిచి బాదడమే. మీరు ఎగువకు వేగంగా పాకుతారు గనక, వాళ్లు ముందే చుట్టుతిరిగి గట్టెక్కి, పొగలో మీకోసం నిలబడతారు. తాగే నీళ్లు కూడా వీపున మోసుకెళ్లినవే. ఘాట్ దారిలో కోతులకు తిండి పెట్టవద్దని బతిమాలేదీ, యాత్రికులు పారేసిన ప్లాస్టిక్ ఏరేదీ, రాత్రి గేటు వేసి జంతువులకు దారి విడిచేదీ అడవి సిబ్బందే. మీరొచ్చిన రోజున ఆ పనులన్నీ వదిలి మీ వెంట పరుగెత్తాలి.

ఆ అడవి 1983 నుంచి పులుల సంరక్షణ కేంద్రం. అభయారణ్యంలో నిప్పు పెట్టకూడదని, మండుతున్న నిప్పును వదిలి పోకూడదని 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 30వ సెక్షను చెబుతోంది. చట్టం మిమ్మల్ని ఏమీ చేయలేదు, మోసుకొచ్చినవాణ్ణే అడుగుతుంది. అందుకే ఈ లేఖ నకలు దోర్నాల చెక్‌పోస్టు దాటే ప్రతి బండికీ అందాలని కోరుకుంటున్నాను. వాటిలో వెళ్లేవాళ్లలో చాలామంది మా మైదానం వాళ్లే, పత్తి గదిలో దీపం పెట్టనివాళ్లే. వాళ్లకు నేను చెప్పేది ఇది: అన్నం ఇంట్లోనే వండి కట్టుకుపోండి. దారిలో ఎక్కడా పొయ్యి పెట్టవద్దు. ఎవరో పెట్టి వదిలేసిన పొయ్యి కనిపిస్తే బండి ఆపి, ఉన్న నీళ్లు దాని మీద పోసి, బూడిద చల్లబడిందని చూసుకున్నాకే కదలండి.

ఇట్లు,
గుండ్లకమ్మ ఒడ్డు మిరప రైతు