నేరానికి వాటా, నిజాయితీకి మనోవర్తి

హిందూ కుటుంబాల ఆస్తిని పంచే చట్టాలను ఒకదాని పక్కన మరొకటి పెట్టి ఓపికగా చదివిన పౌరుడికి వాటి నుంచి అందే హితబోధ ఒక్కటే: వీలునామా రాసే అలవాటు లేని పురుషుడు తన చిన్నింటి బిడ్డకు నాలుగెకరాలు దక్కాలని కోరుకుంటే, మొదటి భార్య బతికి ఉండగానే రెండో పెళ్లి అనే నేరాన్ని పురోహితుడి సమక్షంలో, శాస్త్రోక్తంగా, కుదిరితే ఫోటోగ్రాఫర్‌ను కూడా పిలిపించి చేయాలి.

1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం అటువంటి పెళ్లి శూన్య వివాహం, అంటే చట్టం దృష్టిలో అసలు జరగనట్లే లెక్క; భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ ప్రకారం ఏడేళ్ల దాకా జైలుశిక్ష పడగల నేరం కూడా. అయినా ఆ పెళ్లికి పుట్టిన బిడ్డలు సక్రమ సంతానమేనని, తల్లిదండ్రుల ఆస్తిలో వారికి హక్కుందని వివాహ చట్టంలోని 16వ సెక్షన్ దయతో ప్రకటించింది. ఆ దయను తప్పుపట్టవలసిన పని లేదు గానీ, ఏ పెళ్లినీ వంచించకుండా, ఏ నేరమూ చేయకుండా ఇద్దరు అవివాహితులు కన్న బిడ్డ దగ్గరికి వచ్చేసరికి అది ఇంకిపోతుంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోని బంధుత్వ నిర్వచనం ఆ బిడ్డకు తల్లితోనూ తోబుట్టువులతోనూ చుట్టరికాన్ని ఒప్పుకొని, తండ్రిని మాత్రం పరాయివాడిగా వదిలేసింది. ఆ బిడ్డ తండ్రి నుంచి హక్కుగా అడగగలిగేది మనోవర్తి, అంటే పోషణ ఖర్చు మాత్రమే. చాలాకాలం కలిసి కాపురం చేసినవారిని భార్యాభర్తలుగా భావించే వెసులుబాటును న్యాయస్థానాలు కల్పించినా, ఎదురు సాక్ష్యం దొరికిన రోజున ఆ భావన నిలవదు.

అసలు వినోదం కోర్టు గదుల్లో ఉంది. రెండో పెళ్లి నేరంగా రుజువు కావాలంటే అది తగిన తంతుతో జరిగి ఉండాలని 1965లో భావురావ్ లోఖండే కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి క్రిమినల్ కోర్టులో ముద్దాయిగా నిలబడిన భర్త సప్తపది, అంటే వధూవరులు అగ్నిసాక్షిగా వేసే ఏడడుగులు, తన విషయంలో పడనేలేదని వాదించి బయటపడవచ్చు. ఆయన పోయిన తరువాత సివిల్ కోర్టుకెక్కిన బిడ్డ మాత్రం తాను పుట్టకముందే జరిగిన ఆ పెళ్లిలో అడుగులూ తలంబ్రాలూ అన్నీ పడ్డాయని ముసలి సాక్షులను వెతికి తెచ్చి రుజువు చేయాలి. తండ్రి జైలు తప్పించుకోవడానికి చెరిపేసిన అడుగులనే బిడ్డ పొలం కోసం లెక్కపెట్టాలన్న మాట.

సంస్కరణ నడక తీరూ ఇంతే. మొదట్లో 16వ సెక్షన్ రక్షణ, పెళ్లి చెల్లదని కోర్టు డిక్రీ ఇచ్చిన సందర్భాలకే పరిమితం. అంటే తల్లిదండ్రులు తగవుపడి దావా వేస్తే బిడ్డ సక్రమం, సఖ్యంగా బతికితే అక్రమం. ఈ చమత్కారాన్ని సవరించడానికి 1976 దాకా ఆగవలసి వచ్చింది. తల్లిదండ్రుల ఆస్తి అంటే స్వార్జితమేనా, పిత్రార్జితంలో వారి వాటా కూడానా అన్న ప్రశ్నను 2011లో రేవణసిద్దప్ప కేసులో ఇద్దరు సుప్రీంకోర్టు న్యాయమూర్తులు విస్తృత ధర్మాసనానికి పంపగా, జవాబు 2023 సెప్టెంబరు 1న వచ్చింది. తండ్రి చనిపోవడానికి క్షణం ముందు ఉమ్మడి ఆస్తి పంపకం జరిగినట్లు ఊహించి, ఆయనకు వచ్చే వాటాలో ఈ బిడ్డలకూ భాగమివ్వాలని ఆ తీర్పు చెప్పింది. అయితే వారు కోపార్సెనర్లు, అంటే పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో హక్కు పొందేవారు, కారు. తండ్రి బతికుండగా పంపకం కోరలేరు. బతికున్నన్నాళ్లూ పంచని తండ్రి చేత చివరి క్షణంలోనైనా, ఊహలోనైనా పంపకం చేయించడం న్యాయశాస్త్రం సాధించిన ఘనతే.

ప్రాచీనులు ఇంతకన్నా కఠినులని అనుకోవడానికీ లేదు. మితాక్షర, అంటే పాత హిందూ ధర్మశాస్త్ర వ్యాఖ్యానం, చెప్పిన ధర్మంలో శూద్రుడికి దాసి వల్ల కలిగిన కొడుక్కి తండ్రి అనంతరం ఔరస పుత్రుడి, అంటే పెళ్లాడిన భార్య కన్న కొడుకు, వాటాలో సగం దక్కేది. ద్విజుల ఇళ్లలో అటువంటివాడికి పోషణే గతి, కూతురికి ఆ సగమూ లేదు. ఇంత అసమానతను తొలగించాలంటే లేనివారందరికీ ఇవ్వవచ్చు, లేదా ఉన్న ఒక్కడి నుంచీ లాక్కోవచ్చు. 1956 చట్టం ఖర్చు తక్కువైన రెండో దారిని ఎంచుకుంది.

వారసత్వం ఉమ్మడి జాబితాలోని అంశం కనుక రాష్ట్రాలు చేతులు ముడుచుకుని కూర్చోవలసిన అవసరం లేదు. దేశమంతటా 2005లో కూతుళ్లకు దక్కిన కోపార్సెనరీ హక్కును అవివాహితలైన కూతుళ్లకు 1985 సెప్టెంబరు నుంచే వర్తింపజేసిన ఆంధ్రప్రదేశ్ అనుభవం రెండు తెలుగు శాసనసభల ఎదుటా ఉంది. బంధుత్వ నిర్వచనంలో తండ్రి పేరు చేర్చితే వివాహ వ్యవస్థ కూలిపోతుందని పెద్దలు ఆందోళన పడవచ్చు. అయితే ఉన్న పెళ్లిని కాలరాసి మరొకటి చేసుకున్నవాడి బిడ్డకు వాటా ఇచ్చి, ఏ పెళ్లి జోలికీ పోనివాడి బిడ్డకు నిరాకరించే చట్టం కాపాడుతున్నది వివాహాన్ని కాదు, తండ్రి పట్టాదారు పాసుపుస్తకాన్ని.