గ్రీన్‌రూమ్‌లో ఫ్యాను

మనం ప్రాణంగా ప్రేమించే విద్వాంసుల దగ్గరికి వెళ్లడానికి కూడా వేళాపాళా ఉంటుందని నాకు తోచలేదు. ఉక్కునగరంలో డ్యూటీ దిగి, బస్సు పట్టుకుని పిఠాపురం కాలనీ కళాభారతికి చేరేసరికి కచేరీకి ఇంకా అరగంట ఉంది. పాడబోయేది నేదునూరి కృష్ణమూర్తిగారి బాణీలో తయారైన గాయకుడు. 1991లో సంగీత కళానిధి అందుకున్న నేదునూరి చివరి రోజులు గడిపింది మా విశాఖపట్నంలోనే, 2014 డిసెంబరులో కన్నుమూసిందీ ఇక్కడే. అన్నమయ్య పదాలకు ఆయన కట్టిన వరుసల క్యాసెట్లు మా ఇంట్లో అరిగిపోయేదాకా తిరిగాయి. ఆ సంగతంతా గాయకుడికి చెప్పేయాలని ఒకటే ఆత్రం. పక్క తలుపు తోసుకుని లోపలికి వెళ్లిపోయాను.

శ్రుతిపెట్టె సన్నగా మోగుతోంది. గాయకుడు కళ్లు మూసుకుని మంద్రంలో గొంతు సవరించుకుంటున్నారు. వయొలిన్ విద్వాంసురాలు తీగలు సరిచూసుకుంటున్నారు. మృదంగం పెద్దాయన గిన్నెలో బొంబాయి రవ్వ తడిపి ముద్దచేసి, ఎడమ వైపు తోలు నడుమ పెట్టి బొటనవేలితో గుండ్రంగా అదుముతున్నారు. ఒక దెబ్బ వేసి వినడం, చిటికెడు గిల్లి తీసేయడం, వేలు తడిచేసుకుని మళ్లీ అదమడం. ఆ బరువు కుదిరితేనే ఎడమచేతి గుంకారం పలుకుతుంది. కుడివైపు అంచు మీద రాయితో తట్టి శ్రుతి చేస్తారు. మా సముద్రపు గాలికి తోలు చెమ్మపట్టి శ్రుతి దిగుతుంది, పొడిగాలి తగిలితే బిగిసి ఎక్కుతుంది. బయటి ఊరి వాద్యం ఈ గాలికి సర్దుకోవడానికి ఉన్నది ఆ అరగంటే. ఇదేదీ నాకు తర్వాత తెలిసింది కాదు. ముందే తెలుసు.

తెలిసీ మొదలుపెట్టాను. 'ఏమొకో చిగురుటధరమున'కి నేదునూరి కట్టిన తిలంగ్ రాగపు వరుస గురించి చెప్పి, ఆగకుండా ఒక చరణం పాడి వినిపించాను కూడా. గాయకుడు సాధకం ఆపి నవ్వుతూ విన్నారు. వయొలిన్ ఆగింది. పెద్దాయన నుదుటి మీద చెమట చూసి, సేవ చేస్తున్నాననుకుని, ఫ్యాను వేసి రెగ్యులేటర్ చివరిదాకా తిప్పాను. ఆయన తలెత్తి ఫ్యాను వంక చూశారు, నా వంక చూశారు. "కూర్చో బాబూ" అన్నారు.

తెర తీశారు. వర్ణం సగంలోనే ఎడమవైపు మోత డొల్లగా వినిపించింది. ఎండిన రవ్వ పెచ్చులు రాలుతోంది. ఆయన కుడిచేతి వాయింపు ఆపకుండానే ఎడమవేలు నీళ్లలో ముంచి దాన్ని తడుపుకున్నారు. పాటకీ పాటకీ మధ్య రాయి అందుకున్నారు, గాయకుడు ఆగి ఎదురుచూశారు. "మృదంగం బాగాలేదండీ" అన్నారు నా పక్కనాయన. నేను నోరు విప్పలేదు.

ఫ్యాను కంటే ఆ మౌనమే నన్ను ఎక్కువ బాధిస్తోంది. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడుగారు పెరిగిన ఊరి శ్రోతనని గొప్పగా చెప్పుకునేవాణ్ని. మా ఉక్కు కర్మాగారంలో గోదావరి అనే బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర ట్యాపింగ్‌కి సిద్ధమవుతున్న మనిషిని ఎవరైనా కబుర్లలోకి దించితే కసురుకునేవాణ్ని కూడా నేనే.

కచేరీ అయ్యాక క్షమాపణ అడగాలని వెనక్కి వెళ్లాను. పెద్దాయన మృదంగానికి గవిసెన తొడిగి తాడు కడుతున్నారు. రాత్రి రైలుకి వెళ్లాలట, భోజనం పొట్లం పక్కనే ఉంది. నేను మొదలుపెడితే ఆ తాడు వదిలేసి, "ఫర్వాలేదు బాబూ" అంటూ నన్ను ఊరడించాల్సి వచ్చేది. అలసిపోయిన మనిషి చేత ఆ పని కూడా చేయించలేక తిరిగొచ్చేశాను. ఉత్తరం రాస్తాను. ఫ్యాను సంగతి, పక్కనాయనకి జవాబు చెప్పని సంగతి, రెండూ రాస్తాను. తిరుగుటపా రాయనక్కర్లేదని కూడా.