తూర్పున గోంగూర, ఉత్తరాన చీర

ఇర్వింగ్, టెక్సస్
2025 నవంబరు 16

నాన్నగారికి,

పార్సిల్ చేరింది. ఆవకాయ క్షేమం, గోంగూర క్షేమం. సున్నుండలు మాత్రం ఇక్కడికొచ్చేసరికి సున్నిపిండి అయ్యాయి. చెంచాతో తింటున్నాం. ఈ ముక్క అమ్మకు చదివి వినిపించకండి.

మీరు రాసిన కాగితం కూడా చేరింది. కొరియర్ కుర్రాడు "లోపల ఏముందో ఓ లైను రాయండి సార్" అన్నాడట. ముప్పై ఏళ్లు రిజిస్ట్రారాఫీసు అరుగు మీద దస్తావేజులు రాసిన మనిషిని ఒక్క లైను రాయమనడం ఆ అబ్బాయి తప్పే. "కృష్ణా జిల్లా నందిగామ వాస్తవ్యులు, అమెరికా కాపురస్తుడైన తమ కుమారునికి ప్రేమాభిమానములతో వ్రాసి ఇచ్చిన ఆవకాయ వగైరాల దానపత్రము. షెడ్యూలు: రెండు కిలోల ఆవకాయకు హద్దులు. తూర్పు: గోంగూర డబ్బా. దక్షిణం: కారం పొట్లం. పడమర: అట్టపెట్టె గోడ. ఉత్తరం: కోడలి చీర. పై ఆస్తిని పుత్రపౌత్ర పారంపర్యముగా అనుభవించవలసినది." పారంపర్యం సంగతి దేవుడెరుగు, నాన్నా. సంక్రాంతి దాకా ఉంటే గొప్ప.

ఆ రోజు రాత్రి రెండున్నరకు ఫోన్ చేసి "ఏరా, వీడు సర్వే నంబరు అడుగుతున్నాడు, ఇంటిదా పొలానిదా?" అన్నారు గుర్తుందా? నిద్రమత్తులో పొలానిదే చెప్పబోయాను. అతను అడిగింది హెచ్ఎస్ కోడు. అయినా మీరన్నది తప్పేం కాదు, అది సరుకుల సర్వే నంబరే. 1988 నుంచి వాడుకలో ఉంది. ఆరంకెల దాకా లోకమంతా ఒకటే. ఆ పైన మనవాళ్లు రెండంకెలు, వీళ్లు నాలుగంకెలు సబ్‌డివిజన్ చేసుకున్నారు.

ఎండుమిరపకాయ నిండుకాయగా ఉంటే 0904.21. అదే కాయను మరకు తీసుకెళ్లి పట్టించారా, 0904.22. పట్టుచీర కుట్టుపని లేని గుడ్డ కనుక 5007లో పడుతుంది, దాని మీది రవిక 6206లో. పెళ్లినాటి నుంచి కలిసి బతికిన జంటను విడదీశారు పాపం. ఊరగాయలను మామూలుగా 2001 కింద రాస్తారు. ఆ శీర్షికలో ఉన్నదేమిటంటే, వెనిగర్‌తోనో అసిటిక్ యాసిడ్‌తోనో నిల్వచేసినవని. అమ్మకు చెబితే అరగంట మాట్లాడలేదు. తర్వాత, "గానుగ దగ్గర నిలబడి నూనె ఆడించుకొచ్చాను, వెనిగరంట" అని ఫోను చెల్లికిచ్చేసింది.

ఇక విలువ. దానపత్రమైనా విలువ కట్టనిదే రిజిస్టరు చెయ్యరని మీకు నేను చెప్పాలా? ఇదివరకు 800 డాలర్ల లోపు సరుకు సుంకం లేకుండా దాటిపోయేది. మొన్న ఆగస్టు 29తో ఆ తలుపు మూశారు. అదే వారంలో మన సరుకు మీద సుంకం యాభై శాతానికి ఎక్కింది. మన పోస్టాఫీసులైతే పార్సిళ్లే ఆపేసి, అక్టోబరు 15న గానీ మళ్లీ తీసుకోలేదు. సుంకం లేకుండా మిగిలింది మనిషికి మనిషి పంపే కానుక, అదీ వంద డాలర్ల లోపు. అమ్మ పరువు కోసం చీరకు పద్దెనిమిది వేలు వేయించబోయిందట, అది మూడు వేల చీరని మీరే అన్నారు. మార్కెట్ రేటొకటి, కాగితం మీద రేటొకటి అనే మన అరుగు మీది కబుర్లు ఇక్కడ వద్దు. ఉన్నదే రాయండి.

అన్నిటికంటే చిత్రం ఇంకోటుంది. బయటి నుంచి ఇక్కడికి తిండి పంపితే ముందుగా నోటీసివ్వాలి. 2002లో జీవాయుధాల భయంతో చేసిన చట్టం అది. మన గుంటూరు కారం చూశాక ఆ భయం ఉత్తదని నేనైతే అనలేను. కానీ ఇంట్లో ఎవరి చేత్తో చేశారో వాళ్లే కానుకగా పంపితే ఆ నోటీసు అక్కర్లేదు. చేసిన మనిషే పంపాలి, నాన్నా! ఆవకాయ అమ్మది, ఫారం మీద పేరేమో మీది. జాడీ మూత కూడా పెట్టని మీరు దాతగా ఎలా సంతకం చేశారండీ?

ఈసారి అమ్మ ఆధార్ ఇవ్వండి. అందులో ఇంకా పుట్టింటి ఇంటిపేరే ఉందంటారు, తెలుసు. "ఇద్దరూ ఒకరే" అని స్టాంపు కాగితం మీద అఫిడవిట్ తయారు చేస్తారనీ తెలుసు. వద్దు. ఆధార్‌లో ఎలా ఉంటే ఫారంలో అలాగే రాయించండి. జిల్లా కూడా ఎన్టీఆర్ జిల్లా అయి మూడేళ్లు దాటింది.

అన్నట్టు, పెట్టెను తనిఖీవాళ్లు విప్పి మళ్లీ సర్దారు. డబ్బాలు తారుమారయ్యాయేమోనని మీ కాగితం ముందు పెట్టుకుని ఒక్కొక్క హద్దే సరిచూశాను. తూర్పు సరిగ్గా ఉంది, దక్షిణం సరిగ్గా ఉంది. ఉత్తరాన మాత్రం ఆక్రమణ జరిగినట్టు తేలింది. చీర మడతలు విప్పి ఉన్నాయి, మధ్యలో ఓ చీటీ. కరివేపాకు తీసేసుకున్నారట! ఆ చెట్టు నిమ్మ, నారింజల చుట్టమే. దాని మీద బతికే చిన్న పురుగు మోసుకొచ్చే తెగులు 2005లో ఫ్లోరిడాలో బయటపడి నారింజ తోటలను పాడుచేసింది. అందుకే పచ్చి ఆకు రానివ్వరు. మీ దస్తావేజులో కరివేపాకు ప్రస్తావనే లేదు. మునేరు పొంగి గట్టు కొట్టుకుపోయినా మీ హద్దులు జానెడు జరగవని పేరున్న మనిషి మీరు. మీకు తెలియకుండా అనుబంధ ఆస్తి చేర్చింది ఎవరో మీరే విచారించండి.

వచ్చేసారి దాత అమ్మ, గ్రహీత నేను, లేఖరి మీరు. హద్దులు మాత్రం తప్పకుండా రాయండి.

మీ పెద్దోడు

తా.క. అమ్మ ఇప్పుడే ఫోన్ చేసింది. ఆకు రానివ్వకపోతే కరివేప విత్తనాలు సున్నుండల్లో పెట్టి పంపుతుందట. ఆధార్ ఇంకా ఇవ్వకండి.